“మీడియం సరిపోద్ది సార్”: టీకా తాత్పర్య సహితం

మూలం

మీ హైటుకి మీడియం సరిపోద్ది సార్. సీటు మనం సెట్ చేసుకోవచ్చు. ఎంత దూరమైనా హాయిగా వెళ్ళొచ్చు.

అవతారిక

టూరింగ్ సైకిల్ కొనబోయినవాడు “ఏ సైజు తీసుకోమంటారు?” అని అడిగిన ఉత్తరక్షణంలో షాపువాడి నోట వెలువడే వాక్యత్రయం ఇది. కర్త ఎవరో తెలియదు. కాలం కూడా కచ్చితంగా చెప్పలేం. గేర్ల సైకిళ్ళు మన ఊళ్ళలోకి వచ్చాక పుట్టిందని “మీడియం” అన్న మాటను బట్టి ఊహించవచ్చు. అంతకుముందైతే “ఇరవై రెండు” అనేవారు. పాఠభేదాలు లేకపోలేదు. బెజవాడ ప్రతిలో “సరిపోద్ది”, హైదరాబాదు ప్రతిలో “సరిపోతది”, ఏసీ షోరూము ప్రతిలో “పర్‌ఫెక్ట్‌గా ఉంటుంది”. అర్థంలో భేదం లేదు, ధరలో ఉంది.

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరి మెదక్ జిల్లా కొల్చారం వాడని ప్రసిద్ధి. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన మాట ఇచ్చుకున్నాడు. ప్రస్తుత వ్యాఖ్యాత అందులో రెండో సగానికే కట్టుబడగలడు. కొనేవాడికి కావలసిన కొలత ఒక్కటంటే ఒక్కటి మూలంలో లేదు మరి. తెచ్చుకోవలసిందంతా బయటినుంచే.

ప్రతిపదార్థం

మీ హైటుకి = తమరి ఎత్తునకు. ఎత్తు అన్నది వాచ్యార్థం. కాలి పొడవు అని లక్ష్యార్థం చెప్పుకుంటే తప్ప వాక్యం పొసగదు. 170 సెంటీమీటర్ల మనుషులిద్దరు పక్కపక్కన నిలబడితే తలలు సమంగానే ఉంటాయి. గజ్జల నుంచి నేల దాకా కొలిస్తే మాత్రం ఒకరికి 78, ఇంకొకరికి 82 రావచ్చు. అంటే సీటు ఎత్తులోనే మూడున్నర సెంటీమీటర్ల తేడా. మొదటివాడికి మొండెం పొడుగు, రెండోవాడికి కాళ్ళు పొడుగు. షాపు గోడ మీది చార్టుకు ఇద్దరూ ఒక్కటే.

కొలిచే పద్ధతి సులువే. చెప్పులు విడిచి, గోడకు వీపు ఆనించి, పాదాలు జానెడు ఎడంగా పెట్టి నిలబడాలి. గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని (శబ్దరత్నాకరం అయితే శ్రేష్ఠం) కాళ్ళ మధ్య పెట్టి, సీటు మీద కూర్చున్నప్పుడు ఎంత ఒత్తుతుందో అంత ఒత్తుతో పైకి పట్టాలి. పుస్తకం పై అంచు నుంచి నేల దాకా రెండో మనిషి టేపు పెట్టి చూడాలి. దర్జీ దగ్గరున్న ప్యాంటు కొలత ఇక్కడ చెల్లదు. అది చీలమండ దగ్గరే ఆగిపోతుంది.

మీడియం = మధ్యమము. దేనికీ దేనికీ మధ్య అని మూలకారుడు చెప్పలేదు. ఇక్కడ కొంచెం ఆగాలి.

సైకిళ్ళ చరిత్రలో “సైజు” ఒకచోట నిలిచింది లేదు. పెద్ద ముందు చక్రం సైకిళ్ళ కాలంలో చక్రమే సైజు. పెడళ్ళు ఆ చక్రం ఇరుసుకే ఉండేవి కనుక కాలు ఎంత పొడుగైతే అంత పెద్ద చక్రం కొనేవారు. థామస్ స్టీవెన్స్ 1884 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బయల్దేరి, మధ్యమధ్య ఓడలెక్కి, 1886 డిసెంబరులో యొకొహామా చేరింది 50 అంగుళాల కొలంబియా మీద. దారిలో లాహోరు నుంచి కలకత్తా దాకా గ్రాండ్ ట్రంక్ రోడ్డు కూడా తొక్కాడు. ఆయన్ని మీడియమా లార్జా అని అడిగినవాడు ఉండడు. కాలు పెడలుకు అందిందా లేదా, అంతే లెక్క. 1885లో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సైకిల్ వెనక చక్రానికి చైను బిగించి అమ్మేసరికి కాలి పొడవుకూ చక్రానికీ తెగతెంపులయ్యాయి. చక్రాలు అందరికీ ఒకటే అయ్యాయి, మనిషికీ మనిషికీ ఉన్న తేడా అంతా ఫ్రేము మీద పడింది. ఈ వ్యాఖ్యకు అవసరం ఏర్పడింది అప్పుడే.

ఆ తర్వాత ఫ్రేము సైజు అంటే సీటు గొట్టం పొడవు. మన నల్ల సైకిళ్ళకు 20, 22, 24 అంగుళాలని లెక్క. ఇంట్లో పొడుగాయనకు 24 కొంటే మిగతావాళ్ళు దానికి తగ్గట్టు సర్దుకునేవారు. పిల్లలు బారు కిందనుంచి కాలు దూర్చి తొక్కేవారు. యూరపు వాళ్ళు సెంటీమీటర్లలో చెబుతారు. అక్కడా ఏకాభిప్రాయం లేదు. పెడళ్ళ ఇరుసు మధ్య నుంచి బారు మధ్య దాకా కొలిచేది ఒక సంప్రదాయం, సీటు గొట్టం కొస దాకా కొలిచేది ఇంకొకటి. ఒకే ఫ్రేము మొదటి లెక్కలో 54 అయితే రెండో లెక్కలో 56 దగ్గరికి పోతుంది. ఇది చాలదన్నట్టు మన షాపుల్లో “26 సైజు, 28 సైజు” అంటే చక్రం కొలత. ఆ 28లోనూ రెండు జాతులున్నాయి. మన నల్ల సైకిల్ రిమ్ము మీద టైరు కూర్చునే చోట వ్యాసం 635 మిల్లీమీటర్లు. జర్మన్లు 28 అని పిలిచే 700సీ రిమ్ముకు 622. దీని టైరు దానికి ఎక్కదు. దూరాభారం పోయేవాడు పల్లెటూరి షాపులో ఈ సంగతి తెలుసుకోకూడదు, ఇంట్లోనే తెలుసుకోవాలి.

ఇంతకీ మీడియం ఎక్కడినుంచి వచ్చింది? 1990ల్లో ఇంగ్లండు డిజైనర్ మైక్ బరోస్, తైవాన్ కంపెనీ జయంట్ కోసం, బారు వెనక్కి వాలిన రోడ్డు సైకిల్ ఒకటి తీర్చాడు. బారు వాలడంతో సీటు గొట్టం పొట్టిదైంది. పొడుగాటి సీట్ పిల్లర్, హ్యాండిల్‌ను పట్టి ఉంచే రకరకాల స్టెమ్ములతో చాలా రకాల మనుషుల్ని కొద్ది ఫ్రేముల్లోనే కూర్చోబెట్టవచ్చని తేలింది. రెండేసి సెంటీమీటర్ల తేడాతో వరసగా పేర్చిన సైజుల స్థానంలో ఎస్, ఎమ్, ఎల్ వచ్చాయి. తయారుచేసేవాడికి అచ్చులు తగ్గాయి, అమ్మేవాడికి గోదాములో చోటు మిగిలింది. కొనేవాడికి ఏం మిగిలిందన్నది వివాదాస్పదం. ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీలో లార్జ్ కావచ్చు. కనుక “మీడియం” అనేది కొలత కానేకాదు, అది ఆ కంపెనీ అభిప్రాయం అని వ్యాఖ్యాత నిర్ణయం.

సరిపోద్ది = సరిపోవును. భవిష్యత్కాలం. షాపులో నిలబడ్డప్పుడు సరిపోయేదానికీ నలభయ్యో కిలోమీటరు దగ్గర సరిపోయేదానికీ మధ్య ఉన్న దూరమంతా ఈ ఒక్క క్రియలో ఇమిడింది. షాపులో పరీక్ష ఒక్కటే చేస్తారు: బారుకు అటో కాలు ఇటో కాలు వేసి నిలబడితే గజ్జలకు తగలకూడదు. రెండు మూడు సెంటీమీటర్లైనా ఖాళీ ఉండాలి. సంచులు కట్టిన సైకిల్ ఏటవాలు రోడ్డు మీద ఆపినప్పుడు పక్కకు ఒరుగుతుంది కనుక ఈ పరీక్ష టూరింగుకు మరీ అవసరం. అయితే బారు వాలిన ఫ్రేము ఎవరికైనా ఇందులో నెగ్గుతుంది. దాంతో సైజు కుదిరిందని తేల్చడం తొందరపాటు.

సార్ = సంబోధన ప్రథమావిభక్తి. “మేడమ్” అని పాఠాంతరం. ఆ పాఠంలో వెంటనే “లేడీస్ మోడల్ చూపించమంటారా?” అనే ప్రక్షిప్తం చేరుతుంది. పొట్టివాళ్ళ అసలు ఇబ్బంది వేరు. ఫ్రేము చిన్నదై చక్రం మాత్రం 700సీ అలాగే ఉంటే, మలుపు తిప్పేటప్పుడు బూటు కొస ముందు చక్రానికి తగులుతుంది. 1985లో సొంత కంపెనీ పెట్టిన అమెరికన్ ఇంజనీరు జార్జీనా టెర్రీ, ముందు 24 అంగుళాల చిన్న చక్రం, వెనక మామూలు చక్రం పెట్టి దీనికి మందు వేసింది. టూరింగుకు పేరుమోసిన సర్లీ లాంగ్ హాల్ ట్రక్కర్ 42 సెంటీమీటర్ల నుంచి 60 దాటేదాకా దొరికేది. అందులో చిన్న సైజులకు 26 అంగుళాల చక్రాలే వేశారు. గులాబీ రంగు వేయడం, ముందు బుట్ట తగిలించడం ఈ విషయంలో ఎందుకూ కొరగావు.

సీటు మనం సెట్ చేసుకోవచ్చు = మూలంలో ఉన్న పరమసత్యం ఇదొక్కటే; మోసమూ దీనిలోనే ఉంది. “మనం” అన్న మాటలో డబ్బు కట్టేదాకా షాపువాడూ ఉంటాడు.

సీటు ఎత్తు నిజంగానే సెట్ చేసుకోవచ్చు. 1967లో ఇంగ్లండులోని లఫ్‌బరోలో హామ్లీ, థామస్ అనే ఇద్దరు పరిశోధకులు పెడలు నుంచి సీటు దాకా దూరం కాలి కొలతలో 109 శాతం ఉంటే మేలని తేల్చారు. 1980ల్లో ఫ్రెంచి కోచ్ సిరిల్ గిమార్ లెక్క, ఆయన శిష్యుడు గ్రెగ్ లెమాండ్ పేరుతో లోకమంతా పాకింది: కాలి కొలతను 0.883తో గుణిస్తే పెడళ్ళ ఇరుసు మధ్య నుంచి సీటు పైదాకా ఎత్తు. కాలి కొలత 80 అనుకుంటే గిమార్ లెక్కన 70.6 సెంటీమీటర్లు. హామ్లీ లెక్కన 87.2లో పెడలు కాడ పొడవు 17 తీసేస్తే 70.2. రెండు మతాలు ఇంత దగ్గరగా రావడం శాస్త్రాల్లో అరుదు. ఎత్తు తప్పితే మోకాలే చెబుతుంది. ముందువైపు నొప్పి వస్తే సాధారణంగా సీటు తక్కువైందనీ, వెనక నరాలు లాగితే ఎక్కువైందనీ గుర్తు.

ఇదే బడివాళ్ళు కాలి కొలతను 0.65తో గుణించి ఫ్రేము సైజు కూడా చెప్పారు. ముందు చెప్పుకున్న 170 సెంటీమీటర్ల ఇద్దరిలో మొదటివాడికి 51, రెండోవాడికి 53 వస్తుంది. బారు నేలకు సమాంతరంగా ఉండే పాత రేసు సైకిళ్ళకు కట్టిన లెక్క అది. వాలుబారు ఫ్రేముకు దాన్ని తెచ్చి అతికిస్తే ఫలితం వ్యర్థం.

శంక: సీటు ఎత్తు కుదిరితే ఇంకేం కావాలి?

సమాధానం: చేతులు. కాళ్ళకు పెడలు అందినంత మాత్రాన చేతులకు హ్యాండిల్ సరిగ్గా అందాలని లేదు. చొక్కా చేతులు పొడుగైతే మడుచుకోవచ్చు, భుజం కొలత తప్పితే దర్జీ కూడా ఏం చేయలేడు. ఫ్రేములో భుజం కొలత ఏదంటే, సీటుకూ హ్యాండిల్‌కూ మధ్య పొడవు. సీటు పైకీ కిందికీ పది సెంటీమీటర్లైనా జరుగుతుంది; ముందుకూ వెనక్కూ కొద్దిగానే. పైగా సీటు గొట్టం నిట్టనిలువుగా ఉండదు, దాదాపు 73 డిగ్రీల కోణంలో వెనక్కి వాలి ఉంటుంది. కనుక సీటు మూడు సెంటీమీటర్లు లేపితే హ్యాండిల్‌కు దాదాపు ఒక సెంటీమీటరు దూరమైపోతాం. “సీటు సెట్ చేద్దాం” అన్నప్పుడల్లా చేతుల లెక్క మారుతోందని షాపువాడు చెప్పడు. సీటు గొట్టం పొడవు గురించి కాక బారు పొడవు గురించి ఆలోచించమని అమెరికన్ సైకిల్ మెకానిక్ షెల్డన్ బ్రౌన్ (1944–2008) జీవితాంతం మొత్తుకున్నాడు. ఇప్పుడు కంపెనీలు తమ పట్టికల్లో ఇచ్చే స్టాక్, రీచ్ అనే రెండు అంకెలు ఈ మొర ఆలకించినవే. పెడళ్ళ ఇరుసు నుంచి హ్యాండిల్ గొట్టం కొస ఎంత ఎత్తున ఉందో స్టాక్, ఎంత ముందుకు ఉందో రీచ్. బారు వాలినా వాలకపోయినా ఇవి అబద్ధం చెప్పవు.

మోకాలి చిప్ప నుంచి దారం వేలాడదీస్తే పెడలు ఇరుసు మీదికి రావాలనే సూత్రం కూడా ఒకటి ప్రచారంలో ఉంది. గురుత్వాకర్షణకూ పెడలు తొక్కడానికీ చుట్టరికం లేదని సైకిళ్ళ డిజైనర్ కీత్ బాంట్రాగర్ ఖండించాడు. వెల్లకిలా పడుకుని తొక్కే సైకిళ్ళవాళ్ళు ఏ దారమూ లేకుండా హాయిగా తిరుగుతున్నారు. దీని మీద ఇంకో పేరా అనవసరం.

ఎంత దూరమైనా హాయిగా = ఇక్కడ పూర్వపక్షం ఒకటి ఉంది. రేసువాళ్ళు రెండు సైజుల మధ్య పడితే చిన్నది తీసుకోమంటారు: బరువు తక్కువ, హ్యాండిల్ కిందికి ఉంటుంది, గాలి తగలదు. టూరింగు గురువులు దీన్ని తిప్పికొడతారు. 1994లో కాలిఫోర్నియాలో రివెండెల్ స్థాపించిన గ్రాంట్ పీటర్సన్ వాదం ప్రకారం హ్యాండిల్ కనీసం సీటుతో సమానంగా ఉండాలి, దానికి పెద్ద ఫ్రేము కావాలి. సమాన బారు సైకిళ్ళ రోజుల్లో పిడికెడు సీట్ పిల్లర్ పైకి కనిపిస్తే సైజు సరైనదని పెద్దలనేవారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వంగి కూర్చుంటే బరువంతా అరచేతుల మీద పడి చిటికెన వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, మెడ పట్టేస్తుంది. గాలి తగలకపోతే వచ్చే లాభం, వెనక రెండు సంచులు వేలాడుతున్నవాడికి ఎంతని? వ్యాఖ్యాత సిద్ధాంతం పీటర్సన్ పక్షమే, ఒక్క షరతు మీద: పెద్ద ఫ్రేములో మోచేతులు కాస్త వంచి హ్యాండిల్ పట్టుకోగలగాలి. చేతులు కర్రల్లా చాపితే తప్ప అందకపోతే చిన్నదే తీసుకుని, హ్యాండిల్ ఎత్తే ఏర్పాటు చూసుకోవాలి. ఆధునిక ఫోర్కు గొట్టాన్ని షాపులో పొట్టిగా కోసేశాక ఆ ఏర్పాటు కష్టం. కోయకముందే చెప్పాలి.

మడమ సంగతి కూడా ఉంది. వెనక క్యారియర్‌కు సంచులు తగిలిస్తే తొక్కుతున్నప్పుడు మడమ వాటిని తన్నకూడదు. అందుకే టూరింగ్ ఫ్రేముల్లో పెడళ్ళ ఇరుసు నుంచి వెనక చక్రం ఇరుసు దాకా దూరం ఎక్కువ పెడతారు. పైన చెప్పిన ట్రక్కర్‌లో అది 460 మిల్లీమీటర్లు. ఈ కొలతను “మీడియం” ఎంతమాత్రం సూచించదు.

తాత్పర్యం

ఓ కొనుగోలుదారుడా! నీ కాళ్ళ కొలత నేను తీసుకోలేదు. గోదాములో మీడియం ఉన్నది. నీవు బారుకు అటూ ఇటూ కాళ్ళు వేసి నిలబడగలిగితివి. మిగిలినది సీటు లేపియో దించియో సరిపుచ్చుదము. చేతుల సంగతి నీవును నీ మెడయును చూసుకొనుడు.

విశేషాంశం

షాపుకు వెళ్ళేముందు కాలి కొలత కాగితం మీద రాసుకోండి. ఇప్పటికే హాయిగా తొక్కుతున్న సైకిల్ ఏదైనా ఉంటే దాని సీటు కొస నుంచి హ్యాండిల్ దాకా దూరం కూడా కొలిచి పెట్టుకోండి; కంపెనీ చార్టు కంటే ఆ అంకె విలువైనది. కొత్త సైకిల్ స్టాక్, రీచ్ అడగండి. షాపువాడికి తెలియకపోతే కంపెనీ పట్టికలో ఉంటాయి. సీటు మీ ఎత్తుకు బిగించాకే ఎక్కండి, కనీసం అరగంట బయట తొక్కి చూడనిమ్మనండి. ఒప్పుకోకపోతే పక్క షాపుకు వెళ్ళండి. టేపు మాత్రం ఇంటినుంచే పట్టుకెళ్ళండి.