పిట్స్‌లిగో దొరవారి జోలె

నేనూ నా తోడబుట్టిందీ ఒకే రాత్రి పుట్టాం. మమ్మల్ని కుట్టింది ఎలిజబెత్ దొరసాని. పక్కనే కూర్చుని కుట్టుపని చూస్తున్నాయన మా యజమాని, నాలుగో లార్డ్ పిట్స్‌లిగో అలెగ్జాండర్ ఫోర్బ్స్. ఉన్నదంతా పోయి బిచ్చానికి బయల్దేరబోతూ, జోలెలు బాగా కుదిరాయని మురిసిపోతున్నారు!

అంతకుముందువన్నీ నేను విన్న సంగతులే. స్కాట్లండ్ ఈశాన్య తీరాన రోజ్‌హార్టీ దగ్గర ఆయన భూములు. 1715లోనే స్టూవర్ట్ రాజవంశం కోసం తిరుగుబాటులో చేరి, ఓడి, పరదేశం పట్టారు. 1720లో తిరిగొచ్చారు. ఒకసారి చెయ్యి కాలింది చాలదా? 1745లో, 67 ఏళ్ల వయసులో, ఉబ్బసంతో రొప్పుతూ, అదే వంశపు యువరాజు చార్లెస్ కోసం మళ్లీ గుర్రమెక్కారు. అంత నిదానస్తుడే కదిలాడని చుట్టుపక్కల పెద్దమనుషులూ వెంట నడిచారు. ఆయన మంచితనం మీద నాకున్న ఫిర్యాదల్లా అదే: దాన్ని నమ్ముకున్నవాళ్లూ మునిగారు. 1746 ఏప్రిల్ 16న కల్లోడెన్ యుద్ధంలో ఓటమితో అంతా అయిపోయింది.

అప్పుడు మొదలైంది మా కొలువు. చంకకొకటి చొప్పున వేలాడుతూ ఓట్స్ పిండి బిచ్చం మోసేవాళ్లం. ఊళ్లవాళ్లు గుర్తుపట్టీ పట్టనట్టు గుప్పెడు పోసేవారు. ఒక్కరూ పట్టివ్వలేదు. క్రెయిగ్‌మాడ్ దగ్గర చిన్న వంతెన కింద ముడుచుకుని దాక్కునేవాళ్లం. బురదనేలల్లో నక్కితే తీతువు పిట్టలు నెత్తిమీద తిరుగుతూ ఒకటే అరుపు, ఇదిగో ఇక్కడున్నాడని చాటుతున్నట్టు. ఒకసారి దారిలో ఆయాసం ముంచుకొచ్చి కూలబడితే, ఎదురుగా ఆయన కోసమే వెతుకుతున్న గుర్రపు దళం! ఆయన చెయ్యి చాపారు. ఒక సైనికుడు చిల్లర వేసి, ఉబ్బసానికి జాలిపడి మరీ వెళ్లాడు.

తిరుగుబాటుకు శిక్షగా భూములు లాక్కునే చట్టంలో తన బిరుదు తప్పుగా రాశారని కోర్టుకెక్కి 1749లో ఎడింబరోలో గెలిచారు. 1750లో లండన్ ప్రభువుల సభ ఆ తీర్పు కొట్టేసింది. భూములు దక్కలేదు.

తర్వాత ఎక్కువకాలం ఆఖిరీస్‌లో, కొడుకు ఇంట్లో, బ్రౌన్ అనే మారుపేరుతో గడిపారు. 1756 మార్చిలో ఒక చలి ఉదయాన సైనికులు సోదాకొచ్చారు. ఇంట్లోవాళ్లు ఆయన్ని ఒక మంచం వెనక, గోడచెక్కల చాటున గూట్లోకి తోశారు. లోపల ఉబ్బసపు రొప్పు ఆగదే! ఆ మంచం మీద పడుకున్న ఒకావిడ తానే దగ్గుతూ దాన్ని కప్పేసింది. సైనికులు గది దాటగానే బయటికొచ్చి ఆయన చేసిన మొదటి పని వాళ్లకు ఫలహారం, వెచ్చటి బీరు పెట్టమని పురమాయించడం. బయట చలిగా ఉందట, పాపం వాళ్ల డ్యూటీ వాళ్లు చేస్తున్నారట.