మీటరుకు అన్నీ తెలుసు

అనుమసముద్రంపేట దర్గా గంధం నాడు మీ ఇంట్లో చుట్టాలెందరు దిగారో ఎదురింటావిడకు తెలియకపోవచ్చు. గోడమీది స్మార్ట్ మీటరుకు మాత్రం తెలిసిపోతుంది. పావుగంటకో అరగంటకో వాడకం రాసుకునే గుణం దానిది. గ్రైండరు ఏ వేళ తిరిగిందీ, ఇంటికి తాళమేసి ఆత్మకూరులో ఎన్నాళ్లు ఉండిపోయారో ఆ లెక్క చూసి చెప్పేయొచ్చు. దొంగ చేతికి చిక్కితే వాడికి పంచాంగమే!

మరి ఆ లెక్క ఎవరి సొత్తు? డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని నియమాలకు 2025 నవంబరు పట్టింది. అసలు బాధ్యతలు మీద పడటానికి మళ్లీ 18 నెలల గడువట. మీటరుకు అంత ఓపికెక్కడిది? కొత్తగా పెట్టే మీటర్లు స్మార్టువే కావాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2019లోనే రాసేసింది. మీటరు లాంటి యంత్రాల సిమ్‌లకు 13 అంకెల నంబర్లు 2018లోనే ఖాయమయ్యాయి. మనవి పదే. హోదాలో మూడంకెలు తక్కువన్నమాట.

మన రాష్ట్రంలో ఈ మీటరు మంచిచెడ్డలు కుర్చీని బట్టి మారతాయి. ప్రతిపక్షంలో ఉంటే రైతు మెడకు ఉరితాడు, అధికారంలోకొస్తే సంస్కరణ. పగలగొట్టమన్న నోటితోనే బిగించుకోమనడం ఇక్కడ పెద్ద విడ్డూరమేం కాదు.

స్మార్ట్ మీటరు రీడింగు రోజుకొక్కసారైనా దూరం నుంచే తీయాలని 2023 నిబంధన. కరెంటు పోయిందని మనం చేసే ఫోను రోజుకెన్నిసార్లు ఎత్తాలో కూడా అందులోనే ఎక్కడో ఉంటుందని ఉదయగిరి వైపు జనం ఇంకా వెతుకుతున్నారు.