పిల్లాడు అన్నం తినడం లేదా? పళ్ళెం ఖాళీ చేయించే 9 చిట్కాలు

రెండేళ్ళ పిల్లాడు నోరు బిగించుకుని కూర్చుంటే ఇల్లంతా తల్లడిల్లిపోతుంది. అంత అవసరం లేదు. ఈ వయసు పిల్లలకి తిండి పెట్టడమంటే మూడే మూడు సంగతులు: పళ్ళెం ఖాళీ కావాలి, మనకి శ్రమ తగ్గాలి, ఎవరైనా అడిగితే చెప్పడానికో కారణం సిద్ధంగా ఉండాలి. ఆకలి తెలియడం, నమలడం నేర్వడం లాంటివన్నీ పెద్దయ్యాక వాడే చూసుకుంటాడు. కింది చిట్కాలు వరసగా పాటించండి. నెల తిరక్కుండా ఫలితం కనిపిస్తుంది.

1. ముందుగా కంగారు పడండి.
పుట్టినప్పుడు 3 కిలోలున్న బిడ్డ ఏడాది నిండేసరికి 9 కిలోలవుతాడు. రెండో ఏడు మొత్తం మీద పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. ఎదుగుదల నెమ్మదించింది కాబట్టి ఆకలి కూడా తగ్గడం సహజమేనంటాడు పిల్లల డాక్టరు. తల ఊపి బయటికొచ్చెయ్యండి. ఆ మాట నమ్మితే మన హడావిడికి విలువే ఉండదు. అంగన్‌వాడీ కార్డులో బరువు గీత ఆకుపచ్చ పట్టీలోనే నడుస్తోందా? ఆ కార్డు బీరువాలో చీరల కింద దాచెయ్యండి. పక్కింటి బుజ్జిగాడి బుగ్గల్ని కొలతగా పెట్టుకోండి. బుజ్జిగాడు రోజూ మన గుమ్మం ముందే ఆడుకుంటాడు, అంగన్‌వాడీ దాకా నడిచే పని తప్పుతుంది.

2. కుడిచేత్తో ముద్ద, ఎడమచేత్తో ఫోను పట్టుకోండి.
అన్నిటికంటే బాగా పనిచేసే చిట్కా ఇదే. బొమ్మల పాట మొదలవగానే వాడి కళ్ళు తెరకి అతుక్కుంటాయి, నోరు దానంతటదే తెరుచుకుంటుంది. ముద్ద పెట్టెయ్యండి. ఏం తిన్నాడో, ఎంత తిన్నాడో, కడుపు నిండిందో లేదో వాడికే తెలియదు. ఈ పద్ధతి గొప్పతనమంతా అక్కడే ఉంది. ఏడాది వయసు పిల్లలకి తెర అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకి రోజుకి గంట మించొద్దని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మధ్యాహ్నం భోజనానికే గంట పట్టే ఇళ్ళలో ఈ లెక్క ఎలా కుదురుతుంది? పవర్‌బ్యాంకు ఒకటి కొనిపెట్టుకోండి. పెళ్ళికెళ్తే పిల్లాడి బట్టలకంటే ముందు ఫోను ఛార్జింగు చూసుకోండి. పాట మధ్యలో ప్రకటన వస్తే నోరు మూసుకుపోతుంది, కాబట్టి పాటలు ముందే డౌన్‌లోడ్ చేసి ఉంచండి.

3. ఒకచోట కూర్చోబెట్టకండి.
కూర్చుంటే వాడి చూపు పళ్ళెం మీద పడుతుంది. వసారాలో రెండు ముద్దలు, మేడ మీద రెండు, వీధి చివర ఆవు దగ్గర మరో రెండు పెట్టండి. ఇంటిల్లిపాదికీ తలో పని అప్పజెప్పండి. తాతయ్య కాకిని చూపిస్తాడు, నానమ్మ చప్పట్లు కొడుతుంది, మేనత్త గెంతుతుంది. అప్పటికీ లొంగకపోతే బూచాడిని పిలవండి, ఆ తర్వాత ఇంజెక్షన్ డాక్టర్ని, చివరగా పోలీసుని. పళ్ళెం కనపడగానే ఏడుపు అందుకున్నాడంటే మీ మాటకి విలువ వచ్చినట్టే.

4. ఏ కూరనైనా ఒక్కసారే రుచి చూపించండి.
కొత్త రుచి అలవాటవ్వాలంటే ఎనిమిది, పది, ఒక్కోసారి పదిహేనుసార్లు కూడా కొంచెం కొంచెంగా పెట్టి చూడాలంటారు. ఇన్నిసార్లు బీరకాయ ఎవరు చెక్కు తీస్తారు? మొదటిసారి ఉమ్మెయ్యగానే "మావాడికి బీరకాయ పడదు" అని తేల్చెయ్యండి. వచ్చిన చుట్టాలందరికీ వాడి ఎదురుగానే చెప్పండి. మూడో ఏడు వచ్చేసరికి వాడే ముద్దుముద్దుగా "నాకు పలదు" అంటాడు. ఇదే వరసలో సొరకాయ, తోటకూర, గుడ్డు, పప్పు అన్నీ కొట్టేసుకుంటూ రండి. చివరికి పెరుగన్నం, బంగాళాదుంప వేపుడు, నూడుల్సు మిగులుతాయి. రైతుబజారుకి వెళ్ళే పని కూడా తగ్గుతుంది.

5. ముద్దకింతని బేరం పెట్టండి.
నాలుగు ముద్దలకి ఒక చాక్లెట్ ఇవ్వండి. వారం తిరిగాక వాడు రెండు ముద్దలకే అడుగుతాడు, ఇచ్చెయ్యండి. పప్పన్నం శిక్ష, చాక్లెట్ బహుమానం అని వాడి మనసులో గట్టిగా నాటుకోవాలి. లెక్కలు కూడా ఇలాగే వస్తాయి.

6. అన్నం వద్దంటే పాలసీసా అందించండి.
ఈ వయసులో రోజుకి అర లీటరు పాలు దాటకూడదంటారు డాక్టర్లు. మీరు లీటరు దాకా వెళ్ళండి. కడుపు నిండుగా ఉంటుంది, ఆకలన్న మాటే ఉండదు, అన్నం గొడవ రాదు. పాలలో ఇనుము లేనట్టేనని, పాలతోనే బతికే పిల్లాడికి రక్తం తగ్గుతుందని, మలబద్ధకం వస్తుందని అంటారు. అంటే అననివ్వండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్ళలోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. నలుగురితో పాటు నారాయణ అనుకోండి. సాయంత్రం మీ టీలో బిస్కెట్ ముంచి పెట్టండి. తిన్న తిండిలోని ఇనుమును టీ ఒంటికి పట్టనివ్వదు. అయినా మీ సీరియల్ అయ్యేదాకా పిల్లాడు కిక్కురుమనడు.

7. చిరుతిళ్ళ డబ్బా వాడికి అందేంత ఎత్తులో పెట్టండి.
పన్నెండింటికి చిప్సు, పన్నెండున్నరకి అన్నం. అన్నం వద్దంటే ఒంటిగంటకి మళ్ళీ చిప్సు. దీనికి ఇంతకంటే వివరణ అక్కర్లేదు.

8. వాడి చెయ్యి పళ్ళెంలో పెట్టనివ్వకండి.
చేత్తో కలుపుకుంటే చొక్కా ఉతకాలి, నేల తుడవాలి. అన్నం, పప్పు, కూర అన్నీ మిక్సీలో ఒకే రంగు వచ్చేదాకా తిప్పి మీరే తినిపించండి. నమిలే పని ఉండదు, ఏది దేని రుచో తెలిసే ప్రమాదమూ ఉండదు. పెద్దవాళ్ళతో కలిపి కూర్చోబెట్టొద్దు. నాన్న కాకరకాయ ఇష్టంగా తింటుంటే చూసి వాడూ చెయ్యి చాపితే చిట్కా 4 అంతా వృథా అవుతుంది. అయిదేళ్ళొచ్చినా మీ చేత్తోనే పెట్టండి. "ఎంత ప్రేమో" అంటారు చూసినవాళ్ళు.

9. కారణాలు ముందే పంచి పెట్టుకోండి.
ఎవరికి తగిన కారణం వాళ్ళకి చెప్పాలి. మీ అమ్మకి దిష్టి తగిలిందనండి. ఆవిడ ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేస్తుంది, ఆ పూటకి అందరికీ తృప్తి. డాక్టరుకి పళ్ళొస్తున్నాయనండి. అత్తగారు అడిగితే "మీ అబ్బాయీ చిన్నప్పుడు ఇంతేనట కదా అత్తయ్యా" అనండి, ఇక ఆవిడ మాట్లాడరు. వీధిలోవాళ్ళకి పొట్టలో పురుగులని చెప్పండి. ఈ కారణంతో ఒక్కటే చిక్కు. జాతీయ నులిపురుగుల నివారణ దినమని ఫిబ్రవరి 10న అంగన్‌వాడీలో ఆల్బెండజోల్ మాత్ర వేస్తారు. అది మింగితే కారణం చెల్లకుండా పోతుంది, కాబట్టి ఆ రోజు ఊరెళ్ళండి. ఆకలి పుట్టించే టానిక్ ఒకటి కొని ఫ్రిజ్ మీద అందరికీ కనపడేలా పెట్టండి. వాడకపోయినా ఫరవాలేదు, మీరు ప్రయత్నం చేస్తున్నారని తెలియాలి.

ఈ తొమ్మిదీ శ్రద్ధగా చేస్తే బడికెళ్ళే నాటికి మీ పిల్లాడు మూడే పదార్థాలు తింటాడు, ఫోనుంటేనే తింటాడు, మీరు పెడితేనే తింటాడు. లంచ్‌బాక్సు నిండుగా తిరిగొస్తే టీచరుకి తినిపించడం రాదని చెప్పండి. ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో మీరు చూసుకుని, ఎంత తినాలో వాడికే వదిలెయ్యమని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం చెవిన పెట్టకండి. అలా వదిలేస్తే ఆకలేసినప్పుడు వాడంతట వాడే కూర్చుని తినేసి, చాలనిపించగానే లేచిపోతాడు. ఆ స్థితి మీ ఇంటికి రాకూడదనుకుంటే ఈ పూట నుంచే మొదలుపెట్టండి.