గరుత్మంతుడూ ఎండు చేపలూ

తడలో మూడుకాళ్ల స్టాండు భుజాన వేసుకుని తిరిగేవాడు ఎవడైనా సరే, భూమి కొలవడానికి వచ్చినవాడే. 2008లో శ్రీసిటీ పారిశ్రామికవాడ వచ్చినప్పటి నుంచి ఇక్కడి జనం స్టాండుని ఇంకో దృష్టితో చూడటం మానేశారు. గద్దల ఫొటోలు తీసుకోవడానికి వచ్చానని టీ కొట్లో మొదటిరోజే నిజం చెప్పేశాను. ఒక్కరూ నమ్మలేదు. "గద్దల్ని తీసేదానికి ఇంత లావు గొట్టం ఎందుకబ్బా? ఏ కంపెనీయో చెప్పు" అన్నారు. నా లెన్సు ఓ కొబ్బరితోపు వైపు తిరిగిన కొద్దిరోజులకే ఆ పక్క స్థలాలకి రేటు పెరిగిందని తెలిసింది. ఒకాయన నన్ను పక్కకి పిలిచి, టీ ఇప్పించి, గొంతు తగ్గించి, "రోడ్డు మా చేలో పడి పోతాదా, పక్కోడి చేలో పడి పోతాదా, అదొక్కటి చెప్పు సామీ" అని అడిగాడు. గద్ద గుడ్లు పెట్టిందన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, అర్థమైందన్నట్టు తలూపి, నా టీకి కూడా డబ్బులిచ్చి వెళ్లిపోయాడు. ఏం అర్థమైందో నాకు ఇప్పటికీ తెలియదు.

తడకి కెమెరాలు రాక కాదు. జలపాతం కావలసినవాళ్లు ఉబ్బలమడుగు పోతారు. రాజహంసల కోసం పులికాట్ ఒడ్డున బారులు తీరతారు. గూడబాతులు గూళ్లు కట్టే నేలపట్టు 1976 నుంచి రక్షిత కేంద్రం, అక్కడ చూడటానికి కట్టిన బురుజులూ ఉన్నాయి. సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండగే చేస్తారు, మంత్రులు వస్తారు, మైకులు మోగుతాయి. వీటన్నిటి నెత్తిన ఏడాది పొడుగునా తిరిగే గద్దకి, అంటే గరుడపక్షికి, మాత్రం పండగ లేదు, బురుజు లేదు, ఓ ఫ్లెక్సీ కూడా లేదు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు తడ నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి పోయింది. ఆ లెక్కన గరుడపక్షి పరిపాలనాపరంగా కూడా స్వామివారి పరిధిలోకి వచ్చేసినట్టే. అయినా దాని బతుకేమీ మారలేదు. పొద్దున లేస్తే చేపల రేవు దగ్గరే కాపు.

నేను ఎంచుకున్న జంట ఈ గరుడపక్షులదే. తల, రొమ్ము తెలుపు, మిగతా ఒళ్లంతా ఇటుకరంగు. మామూలు గద్దకి తోక చీలి ఉంటుంది, వీటికి గుండ్రంగా ఉంటుంది. మన వైపు డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా పిల్లల కాలం. సాధారణంగా రెండు గుడ్లు పెడతాయి, 26, 27 రోజులు పొదుగుతాయి. పుస్తకంలో ఇదంతా నాలుగు లైన్లు. ఆ నాలుగు లైన్లకీ ఫొటోలు తీద్దామని బయల్దేరితే, గూడు కొబ్బరి మట్టల మొదట్లో ఉంది. కింద నిలబడి ఎంత తీసినా పుల్లలు, ఓ చిరిగిన వల పీలిక, అప్పుడప్పుడూ తోక కొస. మా ఇంట్లో ఆ ఫొటోలు చూసి, చీపురు ఎంతకి కొన్నావని అడిగారు.

తోపుకి ఎదురుగా, కావలసినంత దూరంలో, ఒక అవ్వ మిద్దె ఉంది. అక్కణ్నుంచి గూడు సమానంగా కనబడుతుంది. పైకెక్కనిస్తావా అని అడిగానో లేదో, "దానికేముండాది నాయనా, పొద్దునే వచ్చి పొద్దుగూకిందాకా కూర్చో" అంది. ఇంత ధారాళంగా ఒప్పుకుందంటే ఏదో ఉండే ఉంటుందని అప్పుడే తట్టాల్సింది. మర్నాడు పైకి వెళితే మిద్దె నిండా ఎండు చేపలు. అంతకు ముందు వాటికి కాపలాగా కర్ర పట్టుకుని ఎండలో కూర్చునేది ఆవిడే. ఇప్పుడు కింద ఫ్యాను కింద సీరియల్ చూస్తోంది. మధ్యాహ్నం పన్నెండు కాగానే కింది నుంచి కేక వినబడేది: "అబ్బయా, తిరగెయ్యి, రెండో పక్క ఎండాల!" ఓ కన్ను గూటి మీద, ఓ చెయ్యి చేపల మీద. ఆ సీజను మొత్తం నేను తీసిన ఫొటోలకి పారితోషికం రాలేదు గానీ, చేపలు మాత్రం సమంగా ఎండాయి. సాయంత్రం సూళ్లూరుపేట నుంచి చెన్నై పోయే లోకల్ రైల్లో ఎంత జనం ఉన్నా నాకు సీటు దొరికేది. పక్క సీటూ ఖాళీ అయ్యేది.

అవ్వకీ గరుడపక్షికీ మధ్య ఉన్న ఒప్పందం అర్థం కావడానికి నాకు కొంతకాలం పట్టింది. అది ఆకాశంలో చుట్లు కొడుతుంటే ఆవిడ చేస్తున్న పని ఆపి, లెంపలు వేసుకుని, గోవిందా అంటుంది. అదే పక్షి కిందికి దిగి చేప మీద వాలబోతే, ఆ లెంపలేసుకున్న చేత్తోనే కర్ర విసురుతుంది.

"అవ్వా, ఇందాక దండం పెట్టింది దీనికే కదా?"

"పైనుంటే సామి. సామికి నైవేద్యం మనం పెట్టాల. ఆయనే వచ్చి ఎత్తకపోతే ఏమనాల?"

మలేషియాలో లంకావి అని ఓ దీవి ఉంది, అక్కడ సముద్రం ఒడ్డున ఇదే గద్దకి 12 మీటర్ల విగ్రహం కట్టి పెట్టుకున్నారని చెప్పాను. అవ్వ ఓ క్షణం ఆలోచించి, "వాళ్లు చేపలు ఎండబెట్టుకోరేమో" అంది.

2023 మార్చి 26, ఆదివారం. ఆ పొద్దున 9 గంటలకి శ్రీహరికోట నుంచి 36 ఉపగ్రహాలతో ఎల్‌వీఎం3 రాకెట్ పోతుందని పేపర్లో వేశారు. రాకెట్‌తో వచ్చే సుఖం అదే, టైము ముందే చెబుతారు. గద్ద పిల్ల ఎప్పుడు తలెత్తుతుందో ఏ పేపరూ వేయదు. ఎనిమిదిన్నరకే వీధి వీధంతా అవ్వ మిద్దె మీదికి ఎక్కేసింది. చేపలు తొక్కొద్దని అవ్వ, కనబడటం లేదని పిల్లకాయలు, ఒకటే గోల. సరిగ్గా అప్పుడే మగపక్షి సగం తిన్న చేపతో గూటికి వచ్చింది. తల్లి దాన్ని కాలి కింద అదిమిపెట్టి, ముక్కు కొసతో గోటి మందాన పోగులు లాగుతోంది. ఒక్కో పోగు వంగి అందిస్తోంది. పిల్ల తల ఊగుతూ పైకి లేచి, గురి తప్పి, తల్లి మెడ మీద పొడిచి, మళ్లీ వెతుక్కుంటోంది. నా వెనక జనం ఒక్కసారిగా ఓ అని అరిచారు. నేను తల తిప్పలేదు. నిమిషం పైన గడిచాక చప్పుడు వచ్చి మిద్దె పిట్టగోడని అదిరించింది. తల్లిపక్షి ఒక్కసారి మెడ ఎత్తి తూర్పు వైపు చూసి, మళ్లీ పోగు లాగడంలో పడింది. జనం దిగిపోతుంటే ఒకడు రెండోవాడితో అనడం వినబడింది: "రాకెట్ వదిలేసి చెట్టునే తీస్తుండాడు చూడు. సర్వే కాకపోతే ఇంకేంది?"

ఏడెనిమిది వారాలకి పిల్లలకి రెక్కలొస్తాయి. ఒళ్లంతా మట్టిరంగు, అమ్మానాన్నల హుందాతనం ఇంకా అబ్బి ఉండదు. అలా రెక్కలొచ్చాక ఓ పిల్ల గాలిలోకి ఎండుటాకు పట్టుకెళ్లి, వదిలేసి, అది తేలుతూ పడుతుంటే కిందికి దూకి అందుకోబోయింది. అందలేదు. మళ్లీ ఎక్కింది. చిన్న గరుడపక్షులకి ఇలాంటి ఆట ఉందని చదివాను గానీ చూడటం అదే మొదలు. సీజను మొత్తంలో చూపించుకోదగ్గ ఫొటో అదొక్కటే, అది కూడా గూటి బయటే దొరికింది.

అంతకు ముందే, పిల్లలింకా గూట్లో ఉండగా, పట్నం నుంచి ఇంకో ఫొటోగ్రాఫరు వచ్చాడు. నాదానికంటే పెద్ద గొట్టం. గూటికి అడ్డంగా ఉన్న రెండు మట్టలు కొట్టిస్తే వెలుతురు బాగా పడుతుందని, చెట్టెక్కే మనిషిని కూడా మాట్లాడేశాడు. నేను చట్టం చెప్పాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట అనేదాన్ని నిర్వచిస్తూ, పక్షుల గుడ్లనీ గూళ్లనీ కదిలించి కలత పెట్టడాన్ని కూడా అందులో కలిపింది. ఆయన వినలేదు. అవ్వ వచ్చింది. కర్ర తెచ్చుకునే వచ్చింది.

"నీ ఇంటి కప్పు పీకి ఫొటో తీయమంటావా?"

అంతే, ఆయన తర్వాతి లోకల్‌కి వెళ్లిపోయాడు. నా చట్టం కంటే అవ్వ ప్రశ్న బాగా పనిచేసింది.

మట్టల నీడ పోతే పిల్లలకి ఎండదెబ్బ, కాకులకి కనబడిపోవడం, రెండూ ఉన్నాయి. గూటి ఫొటోల్ని చాలా పోటీల్లో తీసుకోనే తీసుకోరు. మీ ఊళ్లోనూ గూడు కనబడితే దూరం నుంచి చూడండి, చెట్టెక్కించకండి, డ్రోను లేపకండి, ఎక్కడుందో నలుగురికీ చెప్పకండి. గరుడపక్షులు ఏటేటా ఇంచుమించు ఆ చుట్టుపక్కలే గూడు కడతాయి. ఈ ఏడు కుదరని ఫొటో వచ్చే డిసెంబరుకి కుదురుతుంది, ఆ చెట్టు మాత్రం కొట్టేయకండి.