‘కలలోనఁ గుంట గుంట’: టీకా తాత్పర్య సహితం

అవతారిక. రాయ్‌పూర్‌లో మే నెల మధ్యాహ్నం కరెంటు పోయిన వేళ ఈ పద్యం పుట్టింది. కవి ఏనాడూ గోల్ఫ్ కర్ర పట్టినవాడు కాడు. నవా రాయ్‌పూర్‌లో ఫెయిర్‌వే గోల్ఫ్ అండ్ లేక్ రిసార్టు ఉందనీ, ఛత్తీస్‌గఢ్ ఓపెన్ పోటీలు అక్కడ జరిగాయనీ పేపర్లో చదివాడు. ఆ మాత్రం పాండిత్యంతో తనకూ ఒక మైదానం కావాలనుకున్నాడు. వ్యాఖ్యాతా అతడే కనుక కవిహృదయం అందలేదని తప్పించుకునే వీలు లేదు.

తే. భాఠ నేలపై పరచిన పచ్చ గరిక
మురుగు నీటినే వడగట్టి మొక్క కొసఁగి
పెంకుటింటిలో సుఖముగఁ బెరుగు చద్ది
కుడిచి యాడుదుఁ గలలోనఁ గుంట గుంట

టీక. భాఠ నేలపై: ఛత్తీస్‌గఢ్ రైతు నేలను భాఠా, మటాసీ, డోర్సా, కన్హార్ అని నాలుగు పేర్లతో పిలుస్తాడు. కన్హార్ మన నల్లరేగడి వంటిది. భాఠా ఎర్రటి గులక మెట్ట. నీరు నిలవదు, వరికి ఒప్పదు. వడ్లగిన్నె అని పేరుపడ్డ సీమలో కవి వరిమడి జోలికి పోలేదని గ్రహించాలి. ‘భాఠా’ను ‘భాఠ’ చేయడం గణాల కోసం. భూమిని ఆక్రమించలేని పేదకవి దీర్ఘాన్ని ఆక్రమించాడు.

పచ్చ గరిక: దీనికి కొందరు ‘బర్ముడా గ్రాస్’ అని అర్థం చెప్పి, పైదేశం సరుకు కాబోలని భ్రమపడతారు. అది సాక్షాత్తు మన గరికే. వినాయకచవితి పత్రిలో దూర్వాయుగ్మం అని జంటలు జంటలుగా సమర్పించేదే. మైదానాలలో పరిచేవి చాలావరకు దాని సంకర జాతులు. ఎరువు మాట పద్యంలో లేకున్నా ఊహ్యం. ఈ రాష్ట్ర ప్రభుత్వం 2020లో గోధన్ న్యాయ్ పథకం పెట్టి పేడను కిలో రెండు రూపాయలకు కొన్నది. పేడకు ధర కట్టిన చోట రసాయనపు బస్తా ఎత్తుకొచ్చేవాడు అరసికుడు.

మురుగు నీటినే: ఇక్కడ ఏవకారమే ప్రాణం. మురుగు నీటిని మాత్రమే, బోరు నీటిని కాదు, కాలువ నీటిని అసలే కాదు. ఎండలు 45 డిగ్రీల దాకా పోయే ఊళ్లో జనం ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టి నిలబడగా గడ్డికి మంచినీళ్లు పోసేవాడు ఈ పద్యం చదవడానికి అనధికారి.

పెంకుటింటిలో: క్లబ్‌హౌస్ అన్నమాట. ‘క్లబ్బు’ అంటే కర్రా, ఇల్లూ రెండూ కావడం ఆంగ్లేయుల శ్లేష. మనకు పట్టింపు లేదు. గోడలకు కోర్బా థర్మల్ కేంద్రాల బూడిదతో చేసిన ఇటుకలు, పైన పెంకులు. ‘సుఖముగ’ అన్నదానికి ఏసీ అని అర్థం చెప్పరాదు. ఎత్తైన కప్పు, చుట్టూ వసారా, పడమటి గోడకు కిటికీ లేకపోవడం, వీటివల్ల కలిగేదే ఆ సుఖం.

పెరుగు చద్ది: గోల్ఫ్ క్లబ్బులో చద్దేమిటి, ఔచిత్యభంగం కదా అని ఆక్షేపణ. సమాధానం: ఛత్తీస్‌గఢ్ వారి బోరే బాసీ కూడా రాత్రి అన్నం నీళ్లలో నానబెట్టినదే. 1931లో పార్వతీపురం నుంచి ఇక్కడికి రైలుదారి పూర్తయింది; ఆ దారిన వచ్చిన మనవాళ్లకు పొద్దున్నే పరాయి ఊరనిపించి ఉండదు. చద్ది కుడిచాక ఎవరైనా ఆడతారా, నిద్రపోతారు గాని అని రెండో ఆక్షేపణ. అందుకే ‘కలలోన’ అన్నాడు.

గుంట గుంట: వీప్స. ప్రతి గుంటలోనూ అని అర్థం. మొత్తం పద్ధెనిమిది. పురాణాలు, పర్వాలు అన్నేనని పొంగిపోనక్కర్లేదు. సెయింట్ ఆండ్రూస్‌లో 22 ఉండగా 1764లో తగ్గించి 18 చేశారు. గుంట వెడల్పు నాలుగుంబావు అంగుళాలు. అంతటి దానికి ఇన్ని ఎకరాలా అని అడిగేవారికి వ్యాఖ్యాత వద్ద జవాబు లేదు.

విశేషం. పద్యానికి ఆయువుపట్టు నాలుగో పాదంలోని రెండో అరసున్న. అది లేకుంటే ‘కలలోన గుంట’, బంతి పడే గుంట. ఉంటే సరళాదేశం వచ్చినట్టు. విడదీస్తే ‘కలలోనన్ + కుంట’, అంటే చెరువు. ముందు కుంట, తరువాతే గుంట. బంతి కూడా ఆ వరుసే పాటిస్తుందని ఆడేవారంటారు.

ఈ ఊరికి ఆ పాఠమే తగును. ఇక్కడి చెరువులలో బూఢా తాలాబ్ ఉంది, తేలీబాంధా ఉంది. తేలీబాంధా గట్టును ఇప్పుడు మెరీన్ డ్రైవ్ అంటున్నారు, సముద్రం లేని లోటు తీర్చుకుంటున్నట్టు. రాజబంధా తాలాబ్ మాత్రం పూడిపోయి రాజబంధా మైదాన్ అయింది. కవి మైదానంలో మొదట తవ్వేది వాన నీటికి కుంట. అది నిండిన ఏడాదే గడ్డి నాటాలి. నిండకపోతే ఆట లేదు, చద్ది ఉంది.

ఈ పద్యాన్ని మళ్లీ అచ్చువేసేవారికి ఒక మనవి. అరసున్నలు పాతవాసన అని ఎగరగొట్టకండి. నాలుగో పాదంలో అది పోతే చెరువు పోతుంది.