పురుగు బతకాలి, పర్సు చావాలి

హైదరాబాద్‌లో పెస్ట్ కంట్రోల్ వాళ్ల చేతిలో మోసపోవడం చాలా తేలికని అనుకుంటారు. అదేం కాదు. మనలో ఎక్కువమంది సగంలోనే చెడగొట్టుకుంటారు. రసీదు అడుగుతారు, డబ్బా మీద పేరు చదువుతారు, అక్కడితో ఆట ముగుస్తుంది. నిండుగా మోసపోవాలంటే కాస్త నిగ్రహం కావాలి.

ముందు తొందర అలవాటు చేసుకోండి. సింకు కింద బొద్దింకలు ఆరు నెలలుగా కాపురం చేస్తున్నా చూసీచూడనట్టు ఉండండి. వియ్యాలవారు రేపు పొద్దున దిగుతున్నారనగా ఈ రాత్రి పదింటికి ఫోన్ తీసి, ప్రకటనల్లో అన్నిటికన్నా పైనున్న నంబరుకు చేయండి. పేరు ఏదో పెద్ద కంపెనీ పేరులా వినబడితే చాలు. అందులో ఒక అక్షరం తేడా ఉందేమోనని చూడటం మర్యాద కాదు. ఆఫీసు ఎక్కడండీ అని అడిగితే "సిటీ మొత్తం మాదే సార్" అంటారు. సిటీ మొత్తం తమదైన వాళ్లకు చిరునామా ఎందుకు?

ధర ఫోన్‌లోనే చెప్పించుకోండి. ఇల్లు చూడకుండా చెప్పే ధరలో ఒక స్వచ్ఛత ఉంటుంది. డబుల్ బెడ్‌రూమా, ట్రిపులా అని మాత్రమే అడగాలి. బొద్దింకలా, నల్లులా, చెదలా అని ఆరా తీసేవాళ్లతో జాగ్రత్త, వాళ్లకు పని వచ్చేమో. ఫోన్‌లో 999 అన్న అంకె, మనిషి ఇంటికొచ్చి సజ్జ మీదికి టార్చి వేసి ఒక్కసారి నిట్టూర్చేసరికి నాలుగింతలవుతుంది. ఆ వెలుతురులో ఏముందో మీరు మాత్రం తొంగి చూడకండి. తొలకరి వాన పడిన సాయంత్రం లైటు చుట్టూ ఉసిళ్లు మూగినప్పుడు పిలిస్తే ఇంకా మంచిది. అవి రెక్కలొచ్చిన చెదపురుగులేనని చెప్పి, బిల్డింగు పునాది దాకా పోయిందంటారు. వీధిలో ఏ పుట్టలోంచి ఎగిరొచ్చాయో ఎవరు చూడొచ్చారు!

లైసెన్సు ఊసెత్తకండి. 1968లో క్రిమిసంహారక మందుల చట్టం, 1971లో దాని నియమాలు వచ్చాయి. డబ్బు తీసుకుని ఇళ్లలో మందు కొట్టే సంస్థకు వాటి ప్రకారం లైసెన్సు ఉండాలి. అది ఇచ్చేది రాష్ట్ర వ్యవసాయ శాఖ. సంస్థలో కనీసం ఒక్కరైనా వ్యవసాయ డిగ్రీయో, కెమిస్ట్రీతో సైన్సు డిగ్రీయో చదివి, ఈ పనిలో శిక్షణ సర్టిఫికెట్ పొంది ఉండాలి. ఆ శిక్షణ ఇచ్చే చోట్లలో ఒకటి మన రాజేంద్రనగర్‌లోనే ఉంది, జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ. మీ ఇంటికొచ్చిన కుర్రాడు రోజూ ఆ గేటు ముందునుంచే బండి మీద పోతుంటాడు. ఇంతకన్నా శిక్షణ ఏం కావాలి? మరీ పట్టుబడితే జీఎస్టీ కాగితం చూపిస్తారు. నంబరూ ఉంది, ముద్రా ఉంది. అది పన్ను కట్టడానికే తప్ప విషం కొట్టడానికి కాదని మీకు తట్టకూడదు.

ఇక అసలు ఘట్టం, డబ్బా. కుర్రాడు పాత పంపుతో, కూల్‌డ్రింక్ సీసాలో తెల్లటి నీళ్లతో దిగుతాడు. చేతికి గ్లౌజులుండవు, ముక్కుకు మాస్కుండదు. (అతని ఊపిరితిత్తులు కూడా కంపెనీ ఖాతాలో ఖర్చు కిందికి రావు. మోసపోయేవాళ్ల వరుసలో మీకన్నా ముందున్నది అతనే.) కంపెనీ సీలుతో ఉన్న అసలు డబ్బా ఏదీ అని మాత్రం అడక్కండి. దాని మీద మందు పేరు, ఎంత శాతం, గడువు తేదీ, రిజిస్ట్రేషన్ నంబరు, పొరపాటున ఒంట్లోకి పోతే ఏం చేయాలో కూడా రాసి ఉంటుంది. ఒక మూల మీద నిలబెట్టిన చతురస్రం ఉంటుంది, దాని కింది సగానికి రంగు. ఎరుపు అన్నిటికన్నా ఘోరమైన విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, ఆకుపచ్చ అన్నిటికన్నా తక్కువ. అక్షరం రాని మనిషికి కూడా ప్రమాదం తెలియాలని పెట్టిన రంగులవి. పత్తి చేలో మందు కొట్టే కూలీకి ఆ రంగులు తెలుసు, గచ్చిబౌలిలో పదో అంతస్తులో ఉండే ఇంజనీరుకు తెలియవు. ఈ తేడా మీద బతికేవాళ్లున్నారు, వాళ్ల పొట్ట కొట్టకండి.

"ఇది హెర్బల్ మేడమ్, చిన్నపిల్లలున్నా ఏం కాదు" అంటాడు. మరో నిమిషానికి అదే గొంతుతో "పిల్లల్ని తీసుకుని మూడు గంటలు బయటికెళ్లండి" అంటాడు. ఈ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి చూడొద్దు.

వాసన తప్పనిసరి. నిజానికి మనం డబ్బిచ్చేది దానికే. కళ్లు మండి, గొంతు గీరుకుంటే "గట్టి మందే కొట్టాడు" అని ఇంటిల్లిపాదీ తృప్తిపడతాం. బొద్దింకలకు పెట్టే జెల్‌కు ఆ వైభవం లేదు. అలమర బందుల దగ్గర, ఫ్రిజ్ వెనక చిన్న చిన్న చుక్కలు పెట్టి వెళ్లిపోతారు. అది తిన్న బొద్దింక తన సందులోకి పోయి చస్తుంది, దాన్ని కొరికిన తోటివీ పోతాయి. అయినా చూడటానికి ఏమీ ఉండదు కాబట్టి దాన్ని మనం పని కింద లెక్కవేయం. కాబట్టి జెల్ పెట్టించుకుని, అదే రోజు దాని మీదే స్ప్రే కూడా కొట్టించుకోండి. స్ప్రే పడిన జెల్‌ను బొద్దింక ముట్టదు. రెండు బిల్లులు, ఫలితం సున్నా.

ఒక్కసారితో ఖతం అనేవాళ్లనే నమ్మండి. ఇళ్లలో తిరిగే జర్మన్ బొద్దింక ఒక్కో గుడ్ల సంచిలో 30, 40 పిల్లల్ని దాచుకుంటుంది. ఆ సంచి లోపలికి మందు పోదు. నల్లి గుడ్లు వారం, పది రోజుల్లో పొదుగుతాయి. అందుకే పని తెలిసినవాళ్లు రెండోసారి వస్తామంటారు. అలాంటివాళ్లను వాయిదాల మనుషులని తిట్టి పంపేయండి.

ఒక్కచోట వెటకారం పక్కన పెడతాను. నల్లులకనో ఎలుకలకనో మాత్రలు తెచ్చి, గదిలో పెట్టి తలుపు మూస్తామంటే ఆ మనిషిని గుమ్మంలోంచే పంపేయండి. అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్ర గాలిలో తేమ తగిలితే ఫాస్ఫీన్ వాయువు వదులుతుంది. అది ధాన్యం గోదాములకు ఉద్దేశించింది. ఎవరికి పడితే వాళ్లకు అమ్మకూడదని ఆంక్షలున్నాయి. ఆ వాయువు సందుల్లోంచి పక్క గదిలోకి, పక్క ఫ్లాట్‌లోకి పాకుతుంది, దానికి విరుగుడు లేదు. ఇలా ఇళ్లలోనే పిల్లలు చనిపోయిన ఘటనలు ఈ దేశంలో జరిగాయి.

మళ్లీ మన పాఠానికొద్దాం. చెదలకైతే డ్రిల్లు మోత ఉండాలి. కట్టిన ఇంట్లో చెద మందుకు ఐఎస్ 6313 మూడో భాగం అని ఒక ప్రమాణం ఉంది. గోడా నేలా కలిసే చోట 300 మిల్లీమీటర్లకొకటి చొప్పున, అంటే దాదాపు అడుగుకో రంధ్రం పెట్టి, అందులో మందు నింపాలంటుంది. సోఫా వెనక, బీరువా వెనక రంధ్రాలు ఎగ్గొడతారు. సోఫా జరపమనకండి, పాపం నడుము పట్టేస్తుంది. రంధ్రాల్లోకి పోయింది మందో, మంజీరా నీళ్లో, పైన తెల్ల సిమెంటు మెత్తాక తేల్చేవాళ్లు లేరు. గ్యారంటీ మాత్రం పదేళ్లు రాయించుకోండి, కంపెనీ పుట్టి పది నెలలే అయినా సరే. ఏ మందు, ఎన్ని లీటర్లు, ఏయే గదులు అని కార్డు మీద రాయిస్తే అది రేపు సాక్ష్యమవుతుంది, కనుక వద్దు.

డబ్బు కంపెనీ ఖాతాకు కాక, ఎవరి పేరో ఉన్న క్యూఆర్ కోడ్‌కు కొట్టండి. పంపు సర్దకముందే ఐదు స్టార్ల రివ్యూ అడుగుతారు, ఇచ్చేయండి. పురుగుల అభిప్రాయం తెలియడానికి వారం పడుతుంది, అంతదాకా ఎవరాగుతారు?

నాలుగో రోజు బొద్దింక మళ్లీ పలకరిస్తే, కస్టమర్ కేర్ నంబరు కోసం అదే ఫోన్‌లో వెతకండి. ఈసారి దొరికేవారు మరింత మర్యాదస్తులు. రీఫండ్ వేస్తాం, యూపీఐ పిన్ కొట్టండి అంటారు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే కావాలని మీకు తెలుసు. ఆ నిమిషానికి మరిచిపోండి. పోయిన వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కో, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కో చేస్తే ఇంతసేపూ పడ్డ శ్రమ వృథా. నాలుగు రోజులు గుట్టుగా ఉండి, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో "మంచి పెస్ట్ కంట్రోల్ వాళ్లెవరైనా తెలుసా?" అని అడగండి. రెండో అంతస్తు ఆయన వెంటనే ఒక నంబరు పంపిస్తారు. మీ ఐదు స్టార్లు చూసే ఆయన వాళ్లను పిలిపించుకున్నారు.