ఒడి ఉంది కదా, సీటెందుకు?

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే పల్లెవెలుగు బస్సులో ఐదేళ్లు నిండిన పిల్లలు ఉండరు. పళ్లూడినవాళ్లు ఉంటారు, మూడో తరగతి ఎక్కాలు అప్పజెప్పేవాళ్లు ఉంటారు, ఐదు నిండినవాడు మాత్రం దివిటీ పెట్టి వెదికినా దొరకడు. ఆర్టీసీ నిబంధన అలాంటిది మరి: ఐదేళ్లలోపు టికెట్ లేదు, ఐదు నుంచి పన్నెండు దాకా సగం. అందుకే మా వైపు ప్రతి పిల్లవాడికీ రెండు వయసులు. ఒకటి బడి వయసు, ఇంకొకటి బస్సు వయసు. "ఎన్నేండ్లమ్మా పిల్లోనికి?" అని కండక్టర్ అడిగేలోపే వాడు మోకాళ్లు ముడుచుకుని తల్లి ఒళ్లో నాలుగేళ్లవాడైపోతాడు.

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం వచ్చాక లెక్క మరీ ముచ్చటగా తయారైంది. జేజికి ఉచితం, అమ్మకు ఉచితం, అక్కకు ఉచితం. ఆ గుంపులో డబ్బు పెట్టి బస్సెక్కే ఏకైక పౌరుడు ఆరేళ్ల మగపిల్లాడు. వాడు నాలుగు దగ్గరే ఆగిపోతే తప్పెవరిది?

విమానం వాళ్లకూ ఇలాంటి బస్సు వయసే ఒకటుంది: రెండేళ్లు. అది నిండేదాకా బిడ్డకు సీటక్కర్లేదు, ఒడి చాలు. తేడా ఏమంటే, ఒడికి ఆర్టీసీ పైసా తీసుకోదు, విమానం వాళ్లు తీసుకుంటారు. బిడ్డ మనది, ఒడి మనది, అద్దె వాళ్లది.

డల్లాస్ నుంచి బిడ్డను చూపించడానికి ప్రొద్దుటూరు వస్తున్న కోడలి సంగతే తీసుకోండి. విమానం లేవబోయే ముందు ఎయిర్ హోస్టెస్ వచ్చి చేతిసంచి సీటు కిందికి తోయిస్తుంది, ల్యాప్‌టాప్ లోపల పెట్టిస్తుంది, కాఫీ కప్పు తీసుకుపోతుంది. కుదుపు వస్తే అవి ఎగిరి ఎవరి తలకైనా తగులుతాయని. పది కిలోల బిడ్డను మాత్రం గట్టిగా పట్టుకోమంటుంది. మన విమానాల్లో తల్లి బెల్టుకు తగిలించే బుల్లి బెల్టు ఒకటిస్తారు. అమెరికా వాళ్లు ఆ బెల్టే ప్రమాదమని వాడనివ్వరు. దూర ప్రయాణాల్లో ముందు గోడకు ఉయ్యాల కూడా తగిలిస్తారు. కుదుపులు మొదలై బెల్టు దీపం వెలగ్గానే, నిద్రపోయే బిడ్డను అందులోంచి తీసి మళ్లీ ఒళ్లో పెట్టుకోవాలి. విమానం నిమ్మళంగా పోయేటప్పుడు ఉయ్యాల, ఊగిపోయేటప్పుడు ఒడి.

ఒడి ఎంత గట్టిదో 1989 జులై 19న తేలింది. యునైటెడ్ 232 విమానం అమెరికాలోని సూ సిటీలో కూలినప్పుడు నలుగురు చంటిపిల్లలకు సీట్లు లేవు. వాళ్లను నేలమీద పెట్టి పట్టుకోమని, అప్పటి పద్ధతి ప్రకారమే, ఎయిర్ హోస్టెస్ జాన్ బ్రౌన్ చెప్పింది. ఒక బిడ్డ బతకలేదు. చిన్నపిల్లలకూ సీటు తప్పనిసరి చేయాలని ఆమె ఆ తర్వాత ఏళ్ల తరబడి పోరాడింది. అక్కడి ప్రమాదాల దర్యాప్తు బోర్డూ అదే చెప్పింది. విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ మాత్రం 1995లో లెక్కలు తీసింది: టికెట్ కొనమంటే జనం కార్లెక్కుతారు, రోడ్ల మీద ఇంకా ఎక్కువమంది పోతారు, కాబట్టి వద్దు. బిడ్డకు సీటే క్షేమమని సలహా ఇస్తుంది, చట్టం మాత్రం చేయదు.

రోడ్డు సంగతి మనకు ఒకరు చెప్పాలా? పులివెందుల నుంచి కడపకు బైకులో పోయే సంసారాన్ని చూడండి. ట్యాంకు మీద పెద్దోడు, నడుమ రెండోవాడు, వెనక తల్లి ఒళ్లో చంటిది. నాలుగేళ్లలోపు పిల్లలను బైకు నడిపేవాడికి బెల్టుతో కట్టాలని, తలకు హెల్మెట్ పెట్టాలని, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదని కేంద్రం 2022లోనే నిబంధన తెచ్చింది. బిడ్డకు బెల్టు కావాలని ప్రొద్దుటూరు బజార్లో అడగండి, బంగారు మొలతాడు చూపిస్తారు. దానికి ఎన్ని తులాలైనా పెడతాం. సీటుకు డబ్బు పెట్టమంటే "ఒళ్లో కూచుంటాడులేబ్బా" అంటాం. సర్కారుకూ కంపెనీకీ కావలసింది ఆ మాటే. తల్లి చేతులంత చౌకైన భద్రత వాళ్లకు ఇంకెక్కడ దొరుకుతుంది?

సీటు కోసం పెద్దవాళ్లు ఏమేం చేస్తారో జమ్మలమడుగులో, పులివెందులలో ఎన్నికలప్పుడల్లా చూస్తూనే ఉన్నాం. చంటిదానికి ఓటు లేదు, పర్సు లేదు. అందుకని దాని తరఫున నాదొక మనవి. రెండేళ్లలోపు బిడ్డకు విమానంలో సీటు తప్పనిసరి చేసి, ధర ఆర్టీసీ లెక్కన సగం పెట్టండి. గిట్టుబాటు కాదని కంపెనీలు మొత్తుకుంటే ఇంకో దారుంది. విమానం ఎక్కినప్పుడల్లా డైరెక్టర్లందరూ తమ చైర్మన్ ఒళ్లో కూచోవాలి. ఒడి అంత క్షేమమైనదైతే వాళ్లకేం భయం? పైగా అమ్ముకోవడానికి సీట్లూ మిగులుతాయి.